ఏటి అనకూడని ఇల్లు

"ఉపోద్ఘాతం, ఉద్దేశ కథనం, ప్రదర్శనం, పునర్విమర్శ, ఇంటిపని..." పొయ్యిలోకి గోగుపుల్లలు ఎగదోస్తూ కన్యాకుమారి వల్లె వేస్తోంది. పాఠం చెప్పడానికి ఐదు మెట్లట. ఒక మెట్టు దాటేస్తే మార్కులు పోతాయట. ఈ పుస్తకం రాసిన మహానుభావుడు ఎన్నడైనా మూడో తరగతి పిల్లల మధ్య నిలబడ్డాడో లేదో, ఆ సూర్యనారాయణమూర్తికే తెలియాలి.

పెరట్లో ఠంగుమని ఇత్తడి పళ్ళెం మోగింది. అత్త అప్పలనరసమ్మ గరిటెతో కొట్టింది. అంటే వచ్చి చద్దన్నం తినమని. నోరు తెరిచి "రాయే, తిను" అనొచ్చు. అనదు. కిందటేడు చివరి నుంచి ఆ ఇంట్లో కోడలికి పిలుపంటే ఇదే.

"వస్తున్నానండీ, అత్తయ్యగారూ!" అంది కన్యాకుమారి పళ్ళు బిగించి.

మొగుడు గోవిందరావు పంచె ఎగ్గట్టి గెడ్డకి బయల్దేరుతున్నాడు. అక్కడ వాగు నీళ్ళలో నానబెట్టిన గోగు కట్టలు ఈ వారంలో తీసి నార ఒలవాలి. వెళ్ళేవాడు వెళ్ళక గుమ్మంలో ఆగాడు. "ఏటే ఈ గోల పొద్దున్నే?"

"ఏటి కాదు. ఏమిటి."

"సరే. ఏమిటే ఏటి ఈ గోల?"

"బావా! నీకు నవ్వులాటగా ఉంది. రేపు నా పరీక్ష!"

నవ్వులాట కాదు మరి. అరసవల్లి పంచాయతీ సమితి బడిలో నాలుగేళ్ళుగా పాఠాలు చెబుతోంది కన్యాకుమారి. కానీ ట్రైనింగ్ లేదు. ట్రైనింగ్ లేనివాళ్ళు పరీక్ష పాసైతేనే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఆ కుర్చీ ట్రైనింగైనవాళ్ళకి. పుస్తకాల పరీక్షలు కిందటేడే గట్టెక్కాయి. పిల్లలకి పాఠం చెప్పి చూపించే పరీక్ష మాత్రం తప్పింది. వచ్చిన పరీక్షాధికారి వెనక బెంచీలో కూర్చుని, ఆమె చెప్పిన పాఠమంతా విని, కాగితం మీద రెండే రెండు మాటలు రాసి పోయాడు: 'భాష గ్రామ్యము'. రేపు తప్పితే ఇక మూడోసారి లేదు.

ఆ రెండు మాటలూ ఇంటిమీద పడ్డాయి. పరీక్ష పోయిన మర్నాటి నుంచి కన్యాకుమారి ఇంట్లో 'ఏటి' నిషేధించింది. 'సెప్పు' అనకూడదు, 'సూడు' అనకూడదు. అలవాటు కోసం మేనత్తని కూడా మీరు, అండీ అనడం మొదలుపెట్టింది. పుట్టినప్పటి నుంచీ "ఒసే అత్తా" అని మెడకి చుట్టుకున్న పిల్ల, హఠాత్తుగా "అత్తయ్యగారూ, మీరు భోంచేశారా?" అంటే ఎలా ఉంటుంది? అప్పలనరసమ్మ తెల్లబోయి చూసింది. "నానేటి, కొత్త సుట్టాన్నా?" అంది. అంతే, అదే ఆఖరు మాట. తర్వాత నోటికి తాళం వేసేసుకుంది.

మొదట అలక అనుకున్నారు. రెండు పూటలకి తీరిపోతుందిలే అనుకున్నారు. తీరలేదు. పక్కింటి లక్ష్మీనరసమ్మ గోడమీంచి తొంగిచూసి, "ఓలమ్మ, మీ యత్తకి నోరు గాని పడిపోనాదేటే?" అని వీధంతా వినేలా అడిగింది. కన్యాకుమారికి తల కొట్టేసినంత పనయింది. వండి పెడుతుంది, తలంటు పోస్తుంది, బడికి వెళ్ళే చీర ఉతికి ఆరేస్తుంది. అన్నీ చేస్తుంది, మాట మాత్రం లేదు. తిట్టినా బాగుండును. పళ్ళెం మోగించే మనిషితో ఎలా పోట్లాడేది?

బడిలో కూడా ఇదే తంతు. "మీ క్లాసు గుడిలా ఉందమ్మా! ఇదివరకు సంతలా ఉండేది," అని మెచ్చుకున్నారు హెడ్మాస్టరు జగన్నాధం గారు. నిజమే. పిల్లలు ఏం చెప్పబోయినా "అలా కాదు, ఇలా అనాలి" అని దిద్దీ దిద్దీ వచ్చిన నిశ్శబ్దం అది. ఆ మెప్పుకి కన్యాకుమారి సంతోషించింది కూడా. ఇంట్లో వాళ్ళ కంటే పసిపిల్లలే నయం, చెబితే వింటారు అనుకుంది.

ఆ రోజు ఆదివారం. సూర్యనారాయణమూర్తి గుడికి వచ్చే జనంతో వీధి కిటకిటలాడుతోంది. కన్యాకుమారి వసారాలో చాప వేసుకుని రేపటి పాఠానికి బొమ్మ పూర్తి చేసింది. గోగు మొక్క, దాని ఆకు, పువ్వు, బెరడు, అన్నీ పెద్ద అట్ట మీద రంగులతో వేసింది. ఆ బొమ్మ కోసం వారం రోజులు కళ్ళు చెడగొట్టుకుంది. రంగు ఆరడానికి అరుగు మీద పెట్టి, లోపలికి వెళ్ళి మళ్ళీ ఐదు మెట్లూ ఎక్కడం దిగడం మొదలెట్టింది.

పెరట్లోంచి పళ్ళెం మోగింది.

"వస్తున్నానండీ!"

మళ్ళీ మోగింది. అన్నానికి ఇంత తొందరేమిటో! పునర్విమర్శ దగ్గర ప్రశ్నలు ఇంకా నోటికి రాలేదు. పళ్ళెం ఆగకుండా మోగుతూనే ఉంది. "తింటానండీ, రెండు నిమిషాలు ఆగలేరా!" అని అరిచింది కన్యాకుమారి.

చివరికి విసుక్కుంటూ బయటికి వచ్చి చూస్తే ఏముంది? ఎవరిదో మేక అరుగు మీద నిలబడి నిదానంగా నములుతోంది. మూతికి ఆకుపచ్చ రంగు. బొమ్మలో సగం లేదు. పెరటి గుమ్మంలో, నూతి దగ్గర గిన్నెలు తోముతూ సందులోంచి మేకని చూసి పరిగెత్తుకొచ్చి ఆయాసపడుతూ అప్పలనరసమ్మ, ఒక చేతిలో పళ్ళెం, ఒక చేతిలో గరిటె.

మేకని తరిమి, మిగిలిన ముక్క చేత్తో పట్టుకుని కన్యాకుమారి అత్త మీదికి తిరిగింది. ఒళ్ళు మండిపోయింది.

"మేకొచ్చింది అని ఒక్క కేక వేస్తే మీ సొమ్మేం పోయేదండీ? నోరుంది కదా మీకు! నా ఉద్యోగం పోయినా సరే, మీ పంతం మాత్రం పోకూడదా? నేనేం పాపం చేశానని..." ఇన్నాళ్ళూ బిగించి పెట్టుకున్న అండీలూ మీరులూ ఒక్కసారిగా ఊడిపోయాయి. "ఏటత్తా ఇది? ఏటి సేసీసినాను నాను నీకు? సెప్పత్తా!"

అప్పలనరసమ్మ చేతిలో పళ్ళెం జారిపోయింది. గబగబా వచ్చి కోడలి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టేసింది.

"అనకే! అనకే ఆ మాట! తెల్లారితే పరీచ్చ. మల్లీ నోటికంటుకుంటాది!"

ఆ గొంతు విని కన్యాకుమారికి ఎన్నాళ్ళయిందో! నోటి మీద చెయ్యి మెల్లగా తప్పించి, "ఏమిటత్తా నువ్వనేది?" అంది.

"నువ్వే గదే అన్నావు! పరీచ్చ పోయిన్నాడు నీ మొగుడితోటి. మీ యమ్మ నోరు మూస్తే గాని నా నోటికి ఆ మాటొదల్దు అన్నావు. నాను గాది పక్కనే ఉన్నాను, ఇన్నాను." అప్పలనరసమ్మ కొంగుతో ముక్కు చీదుకుంది. "నిజమే గావాల అనుకున్నాను. నువ్వేమో అండీ అంటావు, నానేమో మల్లీ ఏటి అంటాను. పరీచ్చ పోతే ఎవుల వల్ల పోయినట్టు? గుడికెల్లి సామికి మొక్కీసినాను. నీ పరీచ్చ అయ్యేదాకా నా మాట నీ సెవిని పడనీనని. నువ్వు బడికెల్లిపోతే ఉండలేక ఆవుతోటి మాటాడతన్నాను."

కన్యాకుమారి అరుగు మీద కూలబడిపోయింది. ఆ రోజు అన్నదా? అనే ఉంటుంది. ఏడుస్తూ, సంచి విసిరేస్తూ ఏం వాగిందో తనకే గుర్తు లేదు. అలక అనుకుంది, పంతం అనుకుంది. ఈ పిచ్చి మనిషి నెలల తరబడి నోరు కట్టుకుని కూర్చుంది, అదీ తన కోసం.

"అత్తా, మా నాన్న నీకు తమ్ముడు కాదేటి? కొత్తవలసలో ఆయన ఏటి అనడా? రైలొచ్చిందంటే టీ అమ్ముతా స్టేషన్ అదిరిపోయేలాగ 'ఏటి కావాల' అని అరుస్తాడు గదా! నాను ఆ మాటతోటే పుట్టినాను. నీ దగ్గర అంటుకోడమేటి?"

అప్పలనరసమ్మ ఆలోచించింది. తమ్ముడి గొంతు గుర్తొచ్చినట్టుంది, పెదవి చివర నవ్వు కూడా వచ్చింది. "అవును గదే," అంది. "అయితే నా మొక్కు దండగేనేటి?"

"దండగే!"

"దండగైనా మొక్కు మొక్కే. రేప్పరీచ్చ అయ్యేదాకా మాటాడను." అని మళ్ళీ నోరు మూసేసింది.

"ఓలమ్మో!" అని కన్యాకుమారి నెత్తి కొట్టుకుంది. ఈ మనిషితో వేగడం ఎవరి తరం? ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది. అత్త ఇవేం పట్టించుకోకుండా పెరట్లోకి వెళ్ళి, నానిన గోగుకర్ర ఒకటి ఏరి, సగం దాకా నార ఒలిచి, మిగతా సగం అలాగే ఉంచి తెచ్చి కోడలి ఒళ్ళో పెట్టింది. బొమ్మ పోతే పోయింది, ఇది పట్టుకెళ్ళమని సైగ చేసింది.

మర్నాడు విజయనగరం నుంచి పరీక్షాధికారి వచ్చారు. ఈసారి వేరే ఆయన, సన్నగా, పొడుగ్గా, చంకలో గొడుగు. నవ్వలేదు, పలకరించలేదు. వెనక బెంచీలో కూర్చుని కలం మూత తీశారు.

కన్యాకుమారి గోగుకర్ర పైకెత్తింది. "పిల్లలూ, ఇది ఏమిటి?"

ఎవరూ పలకలేదు.

"దీనిని ఏమని పిలుస్తారు?"

నిశ్శబ్దం. కలం కాగితం మీద కరకరమంది. ముందు వరసలో చిన్నతల్లి కూర్చుని ఉంది. వాళ్ళ నాన్న పండించేదే గోగు. నిన్న నార ఒలిచిన కంపు ఇంకా ఆ పిల్ల చేతులకి వదల్లేదు. ఆ పిల్లకి తెలియదా? నోరు తెరవబోయింది, టీచరు మొహం చూసింది, గబుక్కున అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

కన్యాకుమారి చేతిలో కర్ర దించింది. నిన్న తన నోటికి అడ్డం పడిన చెయ్యే అది. పిల్లలు బుద్ధిగా లేరు, భయంగా ఉన్నారు. గుడిలా ఉందని మురిసిపోయిన క్లాసంతా తన కోసం నోళ్ళు కట్టుకుని కూర్చుంది. ఇంట్లో ఒకరు చాలరని ఇక్కడ ఇంతమంది నోళ్ళు మూయించింది తను. ఇదేనా టీచరుతనం? ఉద్యోగం పోతే పోయింది అనుకుంది. కర్ర పట్టుకుని చిన్నతల్లి దగ్గరికి వెళ్ళింది.

"ఏటే సిన్నతల్లీ, ఇదేటి? సెప్పు!"

చిన్నతల్లి చెయ్యి నోటిమీంచి జారింది. "గోగుకర్రండి!"

ఇంక చూడాలి. "మా అయ్య గెడ్డలో నానబెట్టినాడండి!" అని ఒకడు, "కంపు కొడతాదండి!" అని ఇంకొకత్తె, "దాంతోటి పగ్గం పేన్తారండి!" అని మూల నుంచి మరొకడు. ఎందుకు నానబెడతారు, నానకపోతే ఏమవుతుంది, కర్ర ఎక్కడికి పోతుంది, నార ఎక్కడికి పోతుంది, అన్నీ పిల్లలే చెప్పారు. వాళ్ళు చెప్పిందల్లా కన్యాకుమారి నల్లబల్ల మీద పుస్తకం మాటల్లో రాస్తూ పోయింది. చివరికి కర్ర మళ్ళీ ఎత్తి, "ఇప్పుడు చెప్పండి, ఇది ఏమిటి?" అంది. "ఇది గోగు మొక్క!" అని బడి కప్పు లేచిపోయేలా అరిచారు. జగన్నాధం గారు కంగారుపడి గుమ్మంలోకి వచ్చారు.

పిల్లలు వెళ్ళాక పరీక్షాధికారి అడిగారు. "మొదట ఏమిటి అన్నారు. తరువాత ఏటి అన్నారు. కిందటేడు మీకు పోయింది గ్రామ్యం వల్లేనని కాగితాల్లో ఉంది. తెలిసే అన్నారా?"

కన్యాకుమారి దాచలేదు. "తెలిసే అన్నానండి. తెలిసిన దాని నుంచి తెలియని దానికి తీసుకెళ్ళమని మన పుస్తకంలోనే ఉందండి. వాళ్ళకి తెలిసింది ఏటి. అక్కణ్ణించి బయల్దేరితేనే ఏమిటి దాకా వచ్చారండి."

ఆయన చాలాసేపు ఏదో రాసుకున్నారు. గొడుగు తీసుకుని లేస్తూ, "మార్కులు నేను చెప్పకూడదమ్మా," అన్నారు. "ఇంటికెళ్ళి నిశ్చింతగా భోంచెయ్యండి. కుర్చీ మీదే."

ఇంటి గుమ్మంలో అప్పలనరసమ్మ ఎదురుచూస్తోంది. పక్కన గోవిందరావు పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుంటున్నాడు. మొక్కు తీరిన మనిషి గొంతు సవరించుకుంది, కొంగు సర్దుకుంది. ఒక్కొక్క అక్షరం ఒడ్డుకి లాగుతున్నట్టు పలికింది.

"ఏ... మ... యిం... దమ్మా?"

"పొద్దుటేల నించి ఆవుకెదురుగా నిలబడి ఇదే వల్లిస్తన్నాదే," అన్నాడు గోవిందరావు.

కన్యాకుమారి చేతిలో సంచి కింద పడిపోయింది. వెళ్ళి అత్త మెడకి చుట్టుకుని భోరుమంది. "అలాగడక్కత్తా. నీ కాళ్ళట్టుకుంటాను, నువ్వలాగ మాటాడకు. నీ మాటతోటి అడుగు."

అప్పలనరసమ్మ బెదిరిపోయింది. "ఓలమ్మ, ఏటయ్యిందే గుంటా? పోయిందేటి?"

"నెగ్గీసినానత్తా! ఆ మాటతోటే నెగ్గీసినాను!"

అంతే, గట్టు తెగింది. అప్పలనరసమ్మ ఇన్నాళ్ళు దాచుకున్న మాటలన్నీ బయటపడ్డాయి. మేకని తిట్టింది, మేక యజమానిని తిట్టింది, గోడమీంచి తొంగిచూసిన లక్ష్మీనరసమ్మని తిట్టింది, కిందటేడు కాగితం మీద రాసిపోయిన ఆ పెద్దమనిషిని ఏడు తరాల దాకా తిట్టింది. కన్యాకుమారి ఆమె ఒళ్ళో తల పెట్టుకుని అన్నీ వింది. ఒక్క మాట కూడా దిద్దలేదు. పొద్దు వాలిపోయింది, పొయ్యి చల్లారిపోయింది, అన్నం సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

చివరికి గోవిందరావే లోపలికి వెళ్ళి, ఇత్తడి పళ్ళెం తెచ్చి గుమ్మంలో నిలబడి ఠంగుఠంగుమని వాయించాడు.