అవతలి గట్టు చేను

పొద్దున్నే అంకమ్మ వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోస్తుంటే, మామ ఐలన్న మంచంలోంచే మాట బయటపెట్టాడు. తుంటి విరిగినప్పటి నుంచి ఆయన పడవెక్కలేకపోతున్నాడు. ప్రాణహిత అవతలి గట్టున ఉన్న చేనుకు సర్వేవాళ్లు వస్తున్నారట. తన బదులు నిలబడి సంతకం పెట్టేందుకు ఎవరికో ఒకరికి ముక్తార్‌నామా రాసివ్వాలి.

"అంకమ్మ పేరున రాయిస్త," అన్నాడు.

కొడుకు ఆదయ్య నోట్లోని వేపపుల్ల తీసి పారేశాడు.

"నేను సచ్చిన్నా బాపు? కన్నకొడుకునుండంగ కోడలి పేరేంది? ఊర్లె మొకమెట్ల సూపెట్టాలె?"

"నువ్వు మంచోనివి బిడ్డా. గదే పరేషాన్. మీ మామ అడిగితే కాదంటవా?"

ఆ మామ బుచ్చన్న. ఆదయ్యకు మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా ఆయనే. తన రాళ్లచెలక ఇచ్చి, పక్కనే ఉన్న ఐలన్న నల్లరేగడి తీసుకోవాలని ఆయనకెప్పటి నుంచో ఆశ. అక్క పోయాక మేనల్లుణ్ణి ఎత్తుకుని పెంచిన మనిషి. ఆయన ముందు ఆదయ్యకు నోరు పెగలదు. పోయినేడు దుక్కికి ఆయన ఎడ్లడిగితే, ఆదయ్య తన చేను బీడు పెట్టుకుని మరీ తోలిచ్చాడు, మహానుభావుడు.

"ఆమె గూడ ఆయన బిడ్డనే గద," అన్నాడు ఆదయ్య ఉక్రోషంగా.

"అల్లుడు మామతోటి కొట్లాడితే సుట్టరికం తెగుతది. బిడ్డ తండ్రితోటి కొట్లాడితే మాపటికి కలుస్తది."

ఆదయ్య ఆ పూట అన్నం ముట్టలేదు. "నాకొద్దు మామ," అని అంకమ్మ ఏడ్చినా ముసలాయన వినలేదు. అనుకున్నట్టే రాయించాడు.

వారం తిరక్కముందే బుచ్చన్న చేపలు పట్టుకుని పడవ దిగాడు.

"అల్లుడా, సర్వేల చేండ్లు మార్చి రాయిద్దాం. నువ్వు ఊ అంటే సాలు."

ఆదయ్యకు అలవాటుగా "ఊ" నోటిదాకా వచ్చింది. అంతలో గుర్తొచ్చింది.

"నా చేతుల లేదు మామ. ముక్తార్ నీ బిడ్డకున్నది. ఆమెనడుగు."

ఆ మాట అన్నాక గుండెల మీది బండ దిగినట్టయింది. మామ ముందు అంత హాయిగా ఊపిరి తీసుకోవడం అతనికి అదే మొదలు.

అంకమ్మ చేపలు తోముతూనే చెప్పింది. "కాదు బాపు. అది మా మామ చెమట. మారది."

బుచ్చన్న మూతి ముడుచుకున్నాడు. కాసేపు గొణిగాడు. చివరికి పులుసులో ఉప్పు తక్కువైందంటూనే రెండోసారి వడ్డించుకున్నాడు.

ఆయన వెళ్లాక ఆదయ్య తండ్రి కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"నన్ను నమ్మలేదనుకున్న బాపు."

"నమ్మక గాదు బిడ్డా. మీ మామ నీకు దూరం గావద్దని."

ఆదయ్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకుని భార్య వైపు చూశాడు.

"సర్వేనాడు పడవ నేనేస్త. సంతకం నువ్వు పెట్టు. ఇగ అన్నం పెట్టు, ఆకలైతాంది."