అందించే గొంతు

ఆ భవనానికి రంగువాసన పోకముందే చెడ్డపేరు వచ్చేసింది. యూనివర్సిటీలో నాటకాలకీ, పాటలకీ, నాట్యానికీ అని కొత్తగా కట్టారు. అద్దాల గోడలు, మెత్తటి కుర్చీలు, మీట నొక్కితే కదిలే తెరలు... అన్నీ ఉన్నాయి. చీకటిపడ్డాక వేదికకి ఎడమపక్క మాత్రం ఎవరూ అడుగు పెట్టరు. అక్కడ ఎవరో గుసగుసలాడతారట.

నేను చూడలేదు. అరవై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని, నన్ను అక్కడికి ఎవరు పిలుస్తారు? మా చెల్లెలి కూతురు ఆ హాలు ఊడుస్తుంది. అది చెప్పగా విన్నదే రాస్తున్నాను.

ఆ చోట ఇదివరకు రేకుల షెడ్డు ఉండేది. మా పిల్ల తండ్రి, అంటే మా మరిది, ముప్ఫై ఏళ్లు అందులో తెరపక్కన పీట మీద కూచుని, నటులకి మాటలు అందించాడు. మరిచిపోయినవాడికి మొదటి మాట ఒక్కటే, అదీ ఊపిరంత మెల్లగా. "నాకు ఎవరూ అందించక్కర్లేదు" అని ఎవడైనా నీలిగాడో — టప్పున పుస్తకం మూసేసేవాడు.

షెడ్డు కూల్చిన వారానికే ఆయనా పోయాడు. ఇంత భవనం కట్టిన మహానుభావులు ఒక పీట పట్టేంత చోటు వదల్లేదు మరి!

గుసగుసల సంగతి డైరెక్టరుగారి చెవిన పడింది. మైకు దొరికితే వదలడని పిల్లలు ఆయనకి మైకాసురుడని పేరు పెట్టారు. మా పిల్లని పిలిచి ఎగిరిపడ్డాడు.

"చదువూ సంధ్యా లేని మనుషులు! ఈ పుకారు నీదే. రేపు ప్రారంభోత్సవం. ఈ రాత్రి నేనే అక్కడ నిలబడతా. ఏమీ లేదని తేలిందా, నీ ఉద్యోగం ఊడినట్టే."

ఇద్దరు పిల్లల్ని ఆ జీతంతోనే సాకుతోంది అది.

రాత్రి పదకొండయింది. వేదిక మీద ఒక్క దీపం. వెనక వరసలో కాపలా మనిషి. డైరెక్టరుగారు గొంతు సవరించుకుని, మర్నాటి ఉపన్యాసం కాగితం లేకుండా మొదలుపెట్టారు.

"కళ అనేది..."

ఆగారు. పెదాలు తడుపుకున్నారు.

"కళ అనేది... మనిషికి..."

ఎడమపక్క చీకట్లోంచి — ఊపిరంత మెల్లగా —

"వినయం..."

"వినయం నేర్పుతుంది!" అంటూ అందుకుని, చివరిదాకా గడగడా చెప్పేశారు. చెప్పాక గాని తట్టలేదు. మెడ తిప్పి చూశారు... ఎవరూ లేరు.

"ఎవరో అన్నారు కదండీ?" అన్నాడు కాపలా మనిషి.

"ఎవరంటారు? నాకే గుర్తొచ్చింది. నాకు ఎవరూ అందించక్కర్లేదు!"

చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చి మా పిల్లతో, "రేపట్నుంచి రాకు" అనేశారు.

తెల్లారింది. హాలు కిటకిటలాడుతోంది. ముందు వరసలో పెద్దపెద్దవాళ్లు. మైకాసురుడు మైకు పట్టుకున్నాడు.

"కళ అనేది... మనిషికి..."

ఆగాడు.

ఎడమపక్కకి చూశాడు. ఏమీ లేదు. మళ్లీ చూశాడు... ఏమీ లేదు. మూడోసారి మెల్లగా బతిమాలాడు.

"అందించండి... బాబ్బాబు, అందించండి..."

చేతిలో మైకు ఉందన్న సంగతే మరిచాడు. హాలంతా వింది.

అప్పుడు ఎడమపక్కనుంచి — టప్ — పుస్తకం మూసిన చప్పుడు.

సాయంత్రం ఆయనే మా పిల్ల ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, తల ఎత్తకుండా, "రేపు పనిలోకి రామ్మా... ఆ పక్కన ఒక పీట కూడా వెయ్యి" అన్నాడట.

నేను పడీ పడీ నవ్వాను. "నిజం చెప్పవే, తెరవెనక నువ్వే కదూ? తండ్రి గొంతు బాగానే పట్టావు!" అన్నాను.

అది నా మొహంలోకి చూసింది.

"పెద్దమ్మా... ఆ రాత్రి నన్ను గేటు బయట పెట్టి తాళం వేశారు. ఉద్యోగం పోయినదాన్ని, పొద్దున సభలోకి ఎవరు రానిస్తారు?"

ఆ రాత్రి నేను దీపం ఆర్పలేదు.