సగమే కాపీ అయిన పాట

ప్లోయెష్టి పట్టణంలో ఆ అక్టోబరంతా ముసురే. తొమ్మిదో బ్లాకు నుంచి పదో బ్లాకుకి గాలిలో వేలాడే ఇంటర్నెట్ వైరును తిబెరియు కోసిన కాసేపటికే, అవతలి కొసన ఉండే ఇలింకా తడుస్తూ వచ్చి అతని తలుపు బాదింది. రెండు బ్లాకుల నెట్‌వర్క్ చూసుకునేది అతనే.

“నా వైరెందుకు కోశారు?”

“మీ కంప్యూటర్‌లో పురుగుంది, వైరస్ లాంటిది. దానంతటదే వైరు పట్టుకుని ఇంటింటికీ పాకుతోంది. అందరి మిషన్లూ ఊరికే ఆగిపోతున్నాయి.”

“పొద్దున్నే అంతా తుడిచేసి విండోస్ కొత్తగా ఎక్కించాను. ఇంకా పురుగేమిటి?”

తిబెరియుకి నీరసం వచ్చింది. ఆ ఊళ్ళో కంప్యూటర్ తుమ్మినా సరే, బజారు సీడీతో విండోస్ మళ్ళీ ఎక్కించడమే వైద్యం.

“అప్‌డేట్ వెయ్యకుండా వైరు తగిలించారు. నిమిషాల్లో మళ్ళీ ఎక్కేసింది. అసలు నేను పెట్టిన ఫైర్‌వాల్ ఎవరు తీశారు?”

“నేనే. గుడ్లగూబ కోసం.”

“ఎవరి కోసం?”

“నెట్‌వర్క్‌లో ఎవరో పెట్టుకున్న పేరు. మా నాన్న అకార్డియన్ వాయించిన రికార్డింగులు, నెట్‌వర్క్‌లో అందరికీ తెరిచి పెట్టిన నా ఫోల్డర్‌లో ఉండేవి. రోజూ వచ్చి వినేవాడు. నాన్న పోయాక వాటిని విన్నది అతనొక్కడే. మీరు ఫైర్‌వాల్ పెట్టాక రాలేకపోయాడు, అందుకే తీసేశాను.” ఆమె మొహం మీది వాన నీళ్ళు తుడుచుకుంది. “పొద్దున తుడిచినప్పుడు అవీ పోయాయి. ఇంకెక్కడా దాచుకోలేదు.”

ఆ గుడ్లగూబ ఎవరో కాదు, తిబెరియు. ఫైర్‌వాల్ పెడుతున్నప్పుడే తన దారి మూసుకుపోతుందని తెలుసు. నోరు మూసుకుంటే ఆమె కోపం పురుగు మీదే ఉంటుంది. అయినా చెప్పేశాడు.

ఇలింకా అతన్ని ఎగాదిగా చూసింది.

“ఫైర్‌వాల్ పెట్టడానికి మా ఇంటికొచ్చి, నా కుర్చీలో కూర్చుని, నేనిచ్చిన టీ తాగి కూడా చెప్పలేదన్నమాట.”

“ధైర్యం చాల్లేదు. నీ ఫోల్డర్‌లోకి మొదట్లో పాట కోసమే వచ్చేవాణ్ణి. తర్వాత్తర్వాత నీ కోసం వచ్చాను. ఇప్పుడు చెప్పడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు.”

“ఒక్కటైనా దాచుకున్నావా?”

“ఒకటి. అదీ సగమే. కాపీ అవుతుండగా నెట్‌వర్క్ పడిపోయింది.”

అతను ఆమెను లోపలికి తీసుకెళ్ళి పాట పెట్టాడు. ముందు ఒక దగ్గు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు, ఆ తర్వాత అకార్డియన్. సరిగ్గా చరణం మధ్యలో ఆగిపోయింది.

ఇలింకా ఏడ్చింది. ఓదార్చడం చేతకాక తిబెరియు తువ్వాలు తెచ్చి ఇచ్చాడు.

“మిగతాది నాకొచ్చు,” అంటూ ఆమె చిన్నగా కూనిరాగం తీసింది. శ్రుతి తప్పుతూనే ఉంది.

అతను మైకు ఆమె ముందుకు జరిపాడు. “ఇంకోసారి.”

“ఈ ఏడుపు గొంతుతోనా?”

“దానితోనే. ఈసారి మూడు చోట్ల దాస్తాను.”

“దాస్తే సరిపోదు, రోజూ వినాలి. ముందు ఆ కిటికీ మూసి రా, వాన చప్పుడు పడుతుంది.”

తిబెరియు కిటికీ మూసి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇలింకా ముక్కు తుడుచుకుని, వాళ్ళ నాన్న ఆగిపోయిన చోట అందుకుంది.