ఏడో నెంబరు గది కిటికీ

మణిశంకర్‌ని భయపెట్టే దెయ్యం రెండు గోదావరి జిల్లాల్లోనూ ఇంకా పుట్టలేదట. ఈ మాట తనే చెప్పుకుంటాడు, అదీ పట్టపగలు, పక్కన నలుగురున్నప్పుడు. రాత్రి బాత్రూంకి లేవాలంటే మాత్రం పాలకొల్లులో సొంతింట్లోనే అన్ని లైట్లూ వెయ్యాలి.

అలాంటి మనిషికి దొరికిన గది చూడండి! రాజమండ్రి గోదావరి గట్టున ఓ పాత మేడ లాడ్జి. అందులో ఏడో నెంబరు. కార్తీకమాసం వచ్చిందంటే తెల్లవారుజామున ఆ గది వెనక కిటికీలో తెల్లగా ఏదో లేస్తుందని, దానికి కాళ్లుండవని పేరు.

"మా అన్నయ్య వాళ్లింట్లో దిగుదామండీ" అని బయల్దేరేముందే భార్య మధులత మొత్తుకుంది.

"పిల్లలతో వెళ్తున్నాం, మంచి ఫ్యామిలీ లాడ్జి నేను చూస్తాగా! వేడినీళ్లు, కింద టిఫిను, ఎదురుగా గోదావరి..." రెండ్రోజులు ఫోన్‌లో వెతికి మరీ బుక్ చేశాడు.

ఆటోలోంచి సామాను దింపుతూ లాడ్జి కుర్రాడు చిట్టియ్య గొంతు తగ్గించాడు. "ఏడో నెంబరాండీ?... పిల్లల్ని కిటికీ వైపు పడుకోబెట్టకండి."

వేరే గది అడిగితే, ఒక్కటీ ఖాళీ లేదన్నారు.

"పిల్లలు జడుసుకున్నారో... ఇక జన్మలో మీ మాట నమ్మను" అంది మధులత.

తెల్లవారుజామున నాలుగింటికి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. మణిశంకర్‌కి మెలకువొచ్చింది.

టప్... టప్...

వెనక వరండాలో నీళ్లు కారుతున్నాయి.

కిటికీ ఊచల అవతల — తెల్లగా — ఏదో లేచింది. మెల్లగా... ఇంకా పైకి... తల లేదు. చేతుల్లేవు. కాళ్లు...

"నాన్నా, అదేంటి?" ఆరేళ్ల శృతి లేచి కూర్చుంది.

"ష్..."

దుప్పట్లోంచి చిన్నాడు విష్ణు ఏడుపు. పిల్లలెక్కడున్నారో కనబడక మధులత చీకట్లో తడుముకుంటోంది.

అది వంగింది. ఊచల్లోంచి తడి కొస ఒకటి లోపలికొచ్చి మణిశంకర్ మొహానికి చల్లగా తగిలింది. కెవ్వుమంటూ పట్టుకుని లాగేశాడు.

అవతల కూడా ఓ కేక — "ఎవర్రా మడిచీర ముట్టుకుందీ?"

కరెంటొచ్చింది. వరండాలో, పొడుగాటి కర్రతో, పొట్టిగా ఓ పెద్దావిడ! పిఠాపురం బాలాత్రిపురసుందరి గారు. ఏటా కార్తీకం నెల్లాళ్లూ పక్క గదిలోనే ఉంటారు. రేవులో స్నానం చేసొచ్చి, ఇంకా ఎవరూ లేవకముందే, ఎవరి చెయ్యీ తగలకుండా తెల్ల మడిచీరని కర్రతో ఎత్తి దండెం మీద ఆరేసుకుంటారు. కిటికీకి చీరే అందుతుంది, ఆవిడ అందరు.

"మళ్లీ గోదావరికి పోవాలి నాయనా, నీ పుణ్యమా అని! ఈ గదిలోంచి ఏటా అరుస్తారు గానీ, ముట్టుకున్నవాడివి నువ్వొక్కడివే."

టిఫిన్ల దగ్గర మధులత ఇంకో ఇడ్లీ వేసింది. "ఏమోననుకున్నా. పిల్లల కోసం దెయ్యం మీదికే దూకారండీ!"

మణిశంకర్ ఆ ఇడ్లీ తిన్నాడు. నీళ్లు తాగాడు. శృతి వంక చూశాడు. అది చట్నీ నాకుతూ నోరు తెరవబోతోంది.

"దూకలేదే..." అన్నాడు గొణుగుతూ. "అప్పుడు నేను శృతి వెనకాల దాక్కుని ఉన్నాను."