శ్వేతాంకం పదమూడు

ఆరో అంతస్తులో రక్తపరీక్ష గది. పొద్దుటి నుంచి ఇరవై మూడో వేలు. పాఠకురాలు వరహాలు సూది గుచ్చి, నెత్తుటి చుక్కను గణని యంత్రం నోట్లో పెట్టింది. గణని నాలుగు క్షణాలు మింగి, ఎప్పటిలాగే తీయగా చెప్పింది.

"ఎర్రకణాలు సరి. శ్వేతాంకం పదమూడు. పంచలక్షణ రోగి. మితాశ్రమం, ఆరు నెలలు. పాఠకురాలు ముద్ర వేయాలి."

వేలు నూకరాజుది. కళింగరేవులో క్రేన్ నడుపుతాడు. బెల్టుకి కొత్తగా రెండు కన్నాలు పొడిపించుకున్నంత బక్కమనిషి. పొట్టచుట్టూ పేరుకున్న కొవ్వు లోలోపల రగులుతుంటే తెల్లకణాల లెక్క, అంటే శ్వేతాంకం, పెరుగుతుందని, అది సుగర్‌కీ గుండెజబ్బుకీ ముందస్తు కబురని, పంచలక్షణ రోగమంటే అదేనని వరహాలు చదువుకుంది. ఇతనిలో రగలడానికి కొవ్వేదీ? ఈ నెలలో ఇతనికి ముందు ఇలాంటి బక్కవాళ్లు పద్నాలుగు మంది. అందరూ క్రేన్లవాళ్లే. అందరికీ తనే ముద్ర వేసింది. ఆమెకి అంతుపట్టడం లేదు.

"జ్వరం గానీ, పుండు గానీ ఉందా తమ్ముడూ?"

"ఏటీ లేదప్పా." నూకరాజు ముఖం పాలిపోయింది. "మా ఆడదానికి నెలలు నిండినాయి. ఆరు నెలలు ఆ ఆశ్రమంలో పథ్యం తింటా పడుంటే ఈలోగా బిడ్డ బోర్లా కూడా పడిపోద్ది. బొబ్బట్లు ఎవులు పంచుతారు?"

మాట మధ్యలో రొప్పుతున్నాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఎందుకా ఆయాసం? లిఫ్టు పాడైందా?"

"లిఫ్టెందుకప్పా? పరీక్ష రోజు మేమందరం కిందనుంచి పరుగు మీదే వస్తాం. సుగర్ దిగిపోద్దని మా మేస్త్రీ నేర్పినాడు."

గణని సుగర్ చూడటం మానేసి ఐదేళ్లయింది; ఇప్పుడు శ్వేతాంకం పది దాటితే చాలు, రోగి అంటుంది. ఆ సంగతి కిందివాళ్లకి ఎవరూ చెప్పలేదు. పరిగెత్తితే తెల్లకణాలు మూలమూలల నుంచి నెత్తుటిలోకి దిగుతాయి, కాసేపటికి సర్దుకుంటాయి. ఈలోగా చుక్క తీస్తే అంకం పెరిగిపోతుంది.

"ఎన్నాళ్లనుంచి ఈ పరుగు?"

"నాలుగేళ్లవుతాది."

 ఈ నాలుగేళ్లలో తను ఎంతమందిని మితాశ్రమానికి పంపింది? ఎంత గుర్తుచేసుకున్నా లెక్క తేలలేదు. సిగ్గేసింది, భయమేసింది, ఏది ముందో తెలియలేదు.

"గంట ఆగి మళ్లీ తీస్తాను," అంది గణనితో.

"మనిషికి నెలకు ఒకే చుక్క. ముద్రకు గడువు పది నిమిషాలు."

"పరిగెత్తి వచ్చాడు!"

"పరుగు నమోదుకు గడి లేదు."

గోడ మీద నిబంధనల పలక ఉంది. తొమ్మిదేళ్లుగా ఎదురుగా ఉన్నా ఆమె చదివింది తక్కువ. ఇప్పుడు చివరి వరుస చదివింది. పాఠకురాలే పంచలక్షణ రోగి అయితే ఆమె వేసిన ముద్రలేవీ చెల్లవు. మితాశ్రమం ఆమెకూ తప్పదు.

ఈ నెల తన చుక్క ఇంకా ఇవ్వలేదు. ఎప్పుడిచ్చినా అంకం ఆరు దాటదు.

చెప్పులు విప్పింది. కొంగు బిగించి లిఫ్టులో కిందికి దిగి, మెట్లమీదుగా పరుగందుకుంది. మూడో అంతస్తులో మోకాళ్లు మొరాయించాయి. తను చేస్తున్నది తెలివో పిచ్చో ఆమెకే తెలియలేదు. ఆరో అంతస్తులో గుమ్మం పట్టుకుని ఒక్క క్షణం వంగి నిలబడి, తన వేలు తనే గుచ్చుకుంది.

"శ్వేతాంకం పన్నెండు. పంచలక్షణ రోగి. పాఠకురాలు ముద్ర వేయాలి." గణని ఆగింది. "పాఠకురాలు చెల్లదు. పాఠకురాలి ముద్రలు చెల్లవు. మితాశ్రమంలో ఈ ముద్రతో ఉన్నవారు మూడు వందల పన్నెండు మంది. వీరు..."

తొమ్మిదేళ్లలో ఆ గొంతు మధ్యలో ఆగడం ఆమె వినలేదు.

"వీరు రోగులా?" అడిగింది గణని.

"నాకు తెలీదు," అంది వరహాలు రొప్పుతూ. "ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, చెమట ఆరాక మళ్లీ చూడాలి."

నూకరాజు కుర్చీ జరిపాడు. "ముందు నువ్వు కూకో అప్పా. ఇప్పుడేటవుద్ది?"

"అదీ తెలీదు," అంటూ ఆమె కూర్చుంది.