చివరి స్తంభం దగ్గర ఎర్ర కారు

ఆ అపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు... చీకటి పడ్డాక కింది బేస్‌మెంట్‌లో చివరి స్తంభం వైపు వెళ్ళకూడదు. చోటు దొరక్క వీధిలో కార్లు పెట్టుకుంటారు గానీ, ఆ మూలకు మాత్రం పోరు.

ఆ మూలన ఒక కారుంది. రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు. పాతది. మీద గుడ్డ కప్పి ఉంటుంది. ఈ రెండేళ్ళలో దాన్ని నడపగా చూసినవాళ్ళు లేరు. కానీ కొన్ని రాత్రులు దాని ఇంజన్ దానంతటదే మోగుతుంది... సన్నగా, గురక పెట్టినట్టు. వెంట ఎవరో గొణుగుతున్న చప్పుడు. వాచ్‌మన్ ఒకసారి టార్చి పట్టుకుని దిగాడు. సగం మెట్ల మీద టార్చి జారవిడిచి పైకి పరుగెత్తాడు. ఆ టార్చి తెచ్చుకోవడానికి మళ్ళీ వెళ్ళలేదు.

ఇదంతా నాకు మా బావ చెప్పాడు. మా అక్కను చేసుకున్న బావ. మెకానిక్. అప్పుడే సొంత షెడ్డు పెట్టుకున్నాడు. అదే అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో ఉండే ఆ కారు యజమాని అతన్ని పిలిపించాడు.

"అమ్ముదామంటే దెయ్యం పేరు విని ఒక్కడూ రావట్లేదు. రాత్రికి అక్కడుండి సంగతి తేల్చు. ఏమీ లేదని నువ్వొక్క మాట చెబితే రేపే బేరం కుదురుస్తా. నా మిగతా కార్లన్నీ నీ షెడ్డుకే."

"దీన్ని కదిపి ఎన్నాళ్ళయింది సార్?"

"రెండేళ్ళ కింద కొన్నప్పుడు ఓ వారం తిప్పాను. తర్వాత తీరికేదీ?"

బావ లోపల్లోపల నవ్వుకున్నాడట. కారు పన్నెండు వందల కిలోలు. అంటే ఒక్కో టైరు మీద మూడు వందలు. రెండేళ్ళు ఒకేచోట అంత బరువు మోస్తే టైరు అడుగు చదునుగా అణిగిపోవాలి. బ్యాటరీ చచ్చిపోవాలి. రబ్బరు గొట్టాలు బీటలు వారాలి. దెయ్యం తాత దిగొచ్చినా స్టార్టు కాకూడదు!

రాత్రి దిగాడు. గుడ్డ తీశాడు.

టైర్లు గుండ్రంగా ఉన్నాయి. గాలి నిండుగా ఉంది.

బానెట్ ఎత్తాడు. ఆయిల్ కొలిచే కడ్డీ బయటికి లాగితే... తేనె రంగు. కొత్త ఆయిల్. బ్యాటరీ కొనలకు తాజా గ్రీజు. ఎలుక కొరికిన వైరు ఒక్కటీ లేదు.

వంగి చక్రం లోపలికి చూశాడు. బ్రేకు పట్టుకునే ఇనుప డిస్కు తళతళలాడుతోంది.

"నాలుగు రోజులు ఊరికే ఉంటే దాని మీద తుప్పు పొర కడుతుంది బామ్మర్దీ. మెరుస్తోందంటే బండి తిరుగుతోందన్నమాట. గేటు మాత్రం దాటలేదని వాచ్‌మన్ ఒట్టేస్తున్నాడు. మరి ఎక్కడికెళ్తోంది? లెక్కల్లో గట్టివాడివిగా... చెప్పు."

అని నన్ను ఊరించి, మళ్ళీ ఆ రాత్రి సంగతిలోకి వెళ్ళాడు.

అంతలో మెట్ల మీద చప్పుడు. చెప్పులు ఈడుస్తూ... ఆగుతూ... మళ్ళీ ఈడుస్తూ.

బావ గబగబా బానెట్ దించి, గుడ్డ కప్పేసి స్తంభం వెనక్కి జరిగాడు. మెట్ల దగ్గర ఎవరో స్విచ్ నొక్కారు. లైట్లన్నీ ఆరిపోయాయి.

చీకట్లో గుడ్డ జారిన చప్పుడు. తర్వాత ఒక గుసగుస—

"లే తల్లీ... చాలాసేపు పడుకున్నావు."

బావ స్తంభానికి అతుక్కుపోయాడు.

కారు కదిలింది. ఇంజన్ లేదు, లైటు లేదు... నేల వాలుకి మెల్లగా దొర్లి, అతని మోకాలికి జానెడు దూరంలో ఆగింది. అప్పుడు మోగింది ఇంజన్.

బావ ఫోన్ లైటు వేశాడు.

స్టీరింగు ముందు ఒక ముసలాయన. సీసా అడుగంత మందం కళ్ళద్దాలు. స్వెట్టర్ మోచేతుల మీద ఆయిల్ మరకలు.

"ఆ లైటు ఆర్పు బాబూ... పైవాళ్ళు చూస్తారు."

"ఎవరు మీరు?"

"కింది వాటాలో ఉంటాను. ఈ కారు నాదే... ఒకప్పుడు. చూపు మందగించి అమ్మేశాను. కొన్నాయన బాగా చూసుకుంటాడనుకున్నా. వారం తిప్పి వదిలేశాడు. రెండో తాళంచెవి పోయిందని ఆయనకు అబద్ధం చెప్పాను."

"ఈ చూపుతో చీకట్లో నడుపుతారా?"

"ఈ స్తంభాలు నాకు కంఠతా వచ్చు. అందరూ భయపడి చోటు ఖాళీ చేశారుగా... ఒక్క చుట్టు తిప్పి పెట్టేస్తాను."

"పగలే వెళ్ళి ఆయన్ని అడగొచ్చుగా?"

"పరాయివాళ్ళదయ్యాక ఏ మొహం పెట్టుకుని అడగను? వారం మొత్తమ్మీద నేను మాట్లాడేది దీనితోనే బాబూ."

బావ ఫోన్ మోగింది. యజమాని.

"ఏమైందోయ్? ఎవడైనా దొరికాడా?"

ముసలాయన ఊపిరి బిగబట్టాడు. బావ కళ్ళముందు ఖాళీ షెడ్డు కదిలింది... ఒక్క మాట చెబితే నిండిపోయే షెడ్డు.

"మాట్లాడవేం? ఆ చప్పుడేంటి?"

"అదే సార్..." బావ గొంతు తగ్గించాడు. "దెయ్యం."

"నిజంగానా!"

"కళ్ళారా చూశాను. దీని జోలికి పోకండి సార్. ఎవరికీ అంటగట్టకండి, మీకే చుట్టుకుంటుంది."

"సంగతి తేల్చమంటే నన్నే బెదిరిస్తావా? చేతకానివాడా! మిగతా కార్ల సంగతి మరిచిపో. అది అక్కడే పడి ఏడవనీ." ఫోన్ పెట్టేశాడు.

బావ పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు.

కారంతా కడిగిన ముత్యంలా ఉంది. పక్కసీటు మీద మాత్రం దుమ్ము, వేలితో గీస్తే గీత పడేంత. ముసలాయన వంగి దాన్ని అరచేత్తో తుడిచాడు... ఒకసారి, మళ్ళీ ఒకసారి.

"వేడెక్కకుండా ఆపేస్తే ఇంజన్‌కి మంచిది కాదు. ఇంకాసేపు పడుతుంది..." అన్నాడు, తలెత్తకుండానే. "కూర్చుంటావా బాబూ?"