బయమ్మవ్వ తాగని నీళ్ళు

తిప్పమ్మ బోరింగు కొడుతూనే ఉంది. ఇరవైసార్లు కొడితేగాని చుక్క రాదు. బిందె నిండేసరికి రెక్కలు పడిపోతాయి. ఒంటిపూట బడి మొదలైనప్పటి నుంచి ఆమె మధ్యాహ్నాలన్నీ ఈ బోరింగుకే సరిపోతున్నాయి.

వాళ్ళమ్మ ఓబులమ్మ కుందుర్పి దగ్గరి ఒక వృద్ధాశ్రమంలో ఆయా. రెండో ఆయా వానల్లేక పని వెతుక్కుంటూ బెంగళూరు పోయి నెల దాటింది. ఇప్పుడు పన్నెండు మంది ముసలివాళ్ళకు ఓబులమ్మ ఒక్కతే దిక్కు. అందుకే తిప్పమ్మకు ఈ చాకిరీ.

బిందె దించేలోపే అమ్మ కేక వినపడింది. "మేయ్, బయమ్మవ్వ పక్క మళ్ళా తడిసింది. దుప్పటి తీసకపో!"

తిప్పమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. పొద్దున ఉతికిన దుప్పటే అది.

"ఈ అవ్వ ఊరికే నీళ్ళు తాగతాది, ఊరికే పక్క తడుపుతాది. ఒక్క బిందె మోసి చూస్తే తెలుస్తాది!" అంది, అందరికీ వినపడేలా.

మంచం మీద బయమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అమ్మ తడిసిన దుప్పటి తీసి తిప్పమ్మ చేతికిచ్చింది. కోప్పడే ఓపిక కూడా లేదు పాపం ఆమెకు.

మర్నాడు దుప్పటి తడవలేదు. ఆ మర్నాడూ తడవలేదు. తిప్పమ్మ గ్లాసు తీసుకుపోతే అవ్వ, "ఇప్పుడే తాగినాలే పాపా" అనేది. ఎవరిచ్చారు, ఎప్పుడు తాగావు అని తిప్పమ్మ అడగలేదు. ఆ నీళ్ళు మళ్ళీ కుండలో పోసేసేది. నిజం చెప్పాలంటే, ఆ రెండు రోజులూ ఆమెకు హాయిగానే ఉంది.

మూడో రోజు అవ్వ పిలిస్తే సరిగా పలకలేదు. పెదాలు పగిలాయి, నాలుక పిడచగట్టుకుపోయింది. తిప్పమ్మ భయపడిపోయి కాంపౌండరు యేసన్న కోసం పరుగెత్తింది.

యేసన్న అవ్వ చేతి మీది చర్మం పట్టి లాగి వదిలాడు. అది మడతపడి అట్లాగే నిలిచింది.

"జ్వరం గిరం ఏం లేదు. నీళ్ళు లేక ఒళ్ళు ఎండిపోయింది. ఇంకో పూట గడిచింటే మనిషి దక్కేది కాదు. ఈమెకు నీళ్ళిచ్చేది ఎవరప్పా?"

"మా పాపనే అన్నా. రోజూ ఇస్తాది" అంది అమ్మ.

తిప్పమ్మ తల ఎత్తలేకపోయింది.

యేసన్న ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు చేసిచ్చాడు. తిప్పమ్మ మంచం పక్కన కూర్చుని చెంచాతో కొంచెం కొంచెంగా పోసింది. తన చేయి నొప్పి పుట్టినా లేవలేదు. పొద్దు వాలేవేళకు అవ్వకు మాట వచ్చింది.

"అవ్వా, తాగినానని అబద్ధం ఎందుకు చెప్పినావు?"

"నువ్వు బోరింగు కొట్టే మోత ఈడికి వినపడతాది పాపా. పసిదానివి, అలిసిపోతాండావు. నేను తాగకుంటే నీకు ఒక్క బిందన్నా తగ్గుతాదని..."

తిప్పమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, గ్లాసు నిండా నీళ్ళు ముంచి తెచ్చింది. అవ్వ సగం తాగి గ్లాసు పక్కకు తోసింది.

"చాలు. మళ్ళా పక్క తడుస్తాది."

"తడిస్తే తడవనీ. ఉతికి ఆరేస్తా. ఎండకేమన్నా కరువా ఈడ?"

అవ్వకు నవ్వొచ్చింది. మిగతా సగం తాగేదాకా తిప్పమ్మ గ్లాసు వదల్లేదు. ఆ తర్వాత ఖాళీ బిందె చంకనెత్తుకుని బోరింగు దగ్గరికి నడిచింది.